తిరిగి రాని పావురం: తప్పంతా డేగదేనా?

పొద్దున ఎగరేసిన పావురాల్లో ఒకటి సాయంత్రానికి గూటికి చేరకపోతే పెంపకందారు ముందుగా చూసేది ఆకాశం వంకే. పైన గద్ద ఒకటి చక్కర్లు కొడుతుంటే విచారణ అక్కడితో ముగిసినట్టే. విజయవాడ భవానీపురం డాబాల మీదా, హైదరాబాద్ పాతబస్తీలోనూ, లండన్ శివార్లలోనూ ఈ తీర్పు ఒక్కటే. దీని మీద సైన్యాలు ఉత్తర్వులిచ్చాయి, ప్రభుత్వాలు కమిటీలు వేశాయి, శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి డేగ గూళ్ళ కింద ఈకలూ ఎముకలూ ఏరారు. అయినా తగవు తెగలేదు.

తెగకపోవడానికి ముఖ్య కారణం ఇందులో మూడు ప్రశ్నలు కలగలిసిపోవడం. యుద్ధంలో పావురాలు నిజంగా ఎంత పనికొచ్చాయి? వాటిలో ఎన్నింటిని డేగలు తిన్నాయి? డేగలను తొలగిస్తే పావురాలు దక్కుతాయా? ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి సాక్ష్యంగా చూపడం ఈ చర్చలో నూట యాభై ఏళ్ళుగా సాగుతోంది. అందుకే వాటిని విడదీసి చూడాలి.

యుద్ధకాలపు పద్దు

పావురాల టపాకు ఉన్న సూత్రం ఒక్కటే: పావురం తన గూటికి మాత్రమే తిరిగి వస్తుంది. కాబట్టి కబురు ఎక్కడికి చేరాలో అక్కడ పెంచి, కబురు ఎక్కడి నుంచి రావాలో అక్కడికి బుట్టలో మోసుకెళ్ళి వదలాలి. 1870–71లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు ఫ్రెంచివారు ఇదే చేశారు. నగరం నుంచి బెలూన్లలో పావురాలను బయటికి పంపారు. రెనే దాగ్రాన్ అనే ఫొటోగ్రాఫర్ వేల సందేశాలను సూక్ష్మరూపంలో పలుచటి ఫిల్ము మీదకి దించితే, ఆ ఫిల్ములను తోక ఈకలకు కట్టుకుని పావురాలు వెనక్కి వచ్చాయి. వదిలినవి దాదాపు మూడు వందలు, పారిస్ చేరినవి అరవై లోపు. ప్రష్యన్లు డేగలను తెప్పించి వదిలారన్న కథ అప్పుడే పుట్టింది. అది నడిచలికాలం. పగలు తక్కువ, మంచు ఎక్కువ, తుపాకులు మరీ ఎక్కువ. ఇన్ని ఉన్నా జనం నోట మిగిలింది డేగే.

ఫ్రెంచివారు ఆ నష్టాన్ని ఎదుర్కొన్న తీరు గమనించదగ్గది. ఒకే సందేశాన్ని ఒక పక్షి తర్వాత మరో పక్షికి కట్టి, చేరినట్టు తెలిసేదాకా పంపుతూనే ఉన్నారు. పోయేవి పోతాయని ముందే లెక్క వేసుకున్నారు. పావురాల టపా నడిచిన ప్రతిచోటా ఇంచుమించు ఇదే పద్ధతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ టపా పావురాన్ని కాల్చడాన్ని నేరంగా ప్రకటించింది. ఆరు నెలల జైలు లేదా వంద పౌండ్ల జరిమానా అని గోడల మీద నోటీసులు అంటించింది. 1918 అక్టోబరులో ఆర్గాన్ అడవిలో చిక్కుకున్న అమెరికన్ దళంపై సొంత ఫిరంగులే గుండ్లు కురిపిస్తుంటే, మేజర్ చార్లెస్ విట్లసీ పంపిన చీటీని షెర్ అమీ అనే పావురం మోసుకెళ్ళిందని ప్రసిద్ధి. ఛాతీకి గుండు తగిలి, కాలు తెగి వేలాడుతున్నా అది గూటికి చేరింది. ఐదు వందలకు పైగా ఉన్న ఆ దళంలో తమ కాళ్ళ మీద నడిచి బయటపడ్డవారు 194 మంది. ఆ పక్షి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అయితే ఆ రోజు చీటీ తెచ్చింది ఆ పక్షేనా అన్న సందేహాన్ని తరువాతి చరిత్రకారులు లేవనెత్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పెంపకందారులు సుమారు రెండు లక్షల పావురాలను సైన్యానికి అప్పగించారు. 1942 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రంలో కూలిన బాంబర్ సిబ్బంది ప్రాణాలు వింకీ అనే పావురం వల్ల దక్కాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరం నుంచి తొలి వార్త మోసుకొచ్చినది గుస్తావ్. 1943 అక్టోబరులో ఇటలీలో జీఐ జో ఇరవై నిమిషాల్లో ఇరవై మైళ్ళు ఎగిరి, అప్పటికే బ్రిటిష్ దళాల చేతికొచ్చిన ఊరి మీద బాంబులు పడకుండా ఆపింది. జంతువుల వీరత్వానికిచ్చే డికిన్ పతకాలు 1949 నాటికి 54 ఇస్తే, 32 పావురాలకే దక్కాయి.

పతకాల పక్కన ఇంకో లెక్క కూడా పెట్టాలి. 1941 నుంచి 1944 దాకా సాగిన ఆపరేషన్ కొలంబాలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఐరోపాపై పారాచూట్లు కట్టిన డబ్బాల్లో సుమారు 16,000 పావురాలను జారవిడిచారు. దొరికినవాళ్ళు జర్మన్ల కదలికల గురించి రాసి పంపుతారని ఆశ. తిరిగి వచ్చినవి దాదాపు పదో వంతు. బెల్జియంలో జోసెఫ్ రాస్కిన్ అనే కేథలిక్ మతగురువు బృందం పంపిన పటాల చీటీ లాంటివి చర్చిల్ దాకా వెళ్ళాయి. మిగతా పక్షుల్లో కొన్ని డబ్బాల్లోనే ఆకలితో చచ్చాయి, కొన్ని ఆకలిగొన్న మనుషుల కూరయ్యాయి, కొన్ని జర్మన్ల చేతికి చిక్కాయి, కొన్నింటిని డేగలు పట్టుకున్నాయి. ఏ పద్దు కింద ఎన్ని పోయాయో పంచి చెప్పగల సాక్ష్యం మిగల్లేదు.

1940 ఉత్తర్వు, దాని వెనకటి పాఠం

అలాంటి సాక్ష్యం లేకుండానే 1940లో బ్రిటన్ వైమానిక మంత్రిత్వశాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. బాంబర్లలో వెళ్ళే పావురాలు తీరం దాటి ఇల్లు చేరాలంటే, తీరపు కొండ చరియల్లో గూళ్ళు కట్టే పెరిగ్రిన్ డేగలు అడ్డు. మన దగ్గర బైరి డేగ అనే పక్షి ఇదే జాతి. పైనుంచి దూకేటప్పుడు దాని వేగం గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తర్వు ప్రకారం సుమారు 600 డేగలను చంపారు, గుడ్లూ పిల్లలూ వేరే. 1946లో దాన్ని ఎత్తివేశారు.

అదే కాలంలో దానికి పూర్తి విరుద్ధమైన ప్రయోగం కూడా నడిచింది. బ్రిటిష్ నిఘా సంస్థ ఎంఐ5 శత్రువుల పావురాలను పట్టేందుకు డేగల దళాన్ని పెట్టింది. అవి శత్రు పక్షిని ఒక్కదాన్నీ తేలేదు, పట్టినవి స్వపక్షపు పావురాలే. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో డేగను చంపుతూ, ఇంకో చేత్తో పెంచింది.

యుద్ధం ముగిశాక డేగలు మళ్ళీ పెరిగాయి. 1954లో చట్టరక్షణ దొరికింది. 1960 ప్రాంతంలో పందెం పావురాల పెంపకందారులు డేగలు మితిమీరాయని, వాటిని అదుపు చేయాలని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. అనుమతి ఇచ్చే ముందు లెక్క తీయాలని నిర్ణయించి, 1961–62లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్తకు ఆ పని అప్పగించారు. ఆయన తేల్చినది అందరినీ నివ్వెరపరిచింది. మితిమీరడం మాట దేవుడెరుగు, డేగలు కుప్పకూలుతున్నాయి. యుద్ధానికి ముందు నిండుగా ఉన్న స్థావరాల్లో చాలా భాగం ఖాళీ. పొలాల్లో చల్లిన డీడీటీ, డీల్డ్రిన్ లాంటి మందులు గింజ తిన్న పావురాల్లోకి, వాటి నుంచి డేగల్లోకి చేరాయి. గుడ్ల పెంకులు పలుచబడి పొదిగేటప్పుడే చిట్లాయి. 1967లో నేచర్ పత్రికలో ఆయన వేసిన పత్రం క్రిమిసంహారకాల చర్చనే మలుపు తిప్పింది. డేగను శిక్షించమన్న ఫిర్యాదు చివరికి డేగను కాపాడింది. ఆ మందుల మీద ఆంక్షలు వచ్చాక, 2014 లెక్కకు బ్రిటన్‌లో 1,700 పైచిలుకు జంటలు తేలాయి. దాంతో పెంపకందారుల ఫిర్యాదు కూడా తిరిగొచ్చింది.

కోరాపుట్ నుంచి కటక్ దాకా

భారతదేశంలో ఈ కథకు అసలైన ఉదాహరణ ఆంధ్ర సరిహద్దుకు ఆనుకునే ఉంది. 1946లో సైన్యం 200 పావురాలను ఒడిశా పోలీసులకు అప్పగించింది. ప్రయోగం మొదలైంది కోరాపుట్ జిల్లాలో. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఆ జయపురం సీమ విశాఖపట్నం జిల్లాలో భాగం, మద్రాసు రాజధాని పాలన. తీగలు వేయలేని కొండలూ, రోడ్లు లేని లోయలూ ఉన్న ఆ ప్రాంతంలో పోలీసు స్టేషన్ల మధ్య కబుర్లకు పావురాలే దిక్కయ్యాయి. తరువాత ప్రధాన కేంద్రం కటక్‌కు మారింది. బెల్జియన్ హోమర్ జాతిని పెంచి మూడు రకాలుగా వాడారు: గూటికి మాత్రమే వచ్చేవి, కదిలే గూటికి వచ్చేవి, రెండు చోట్ల మధ్య వెళ్ళి వచ్చేవి. పలుచటి కాగితం మీద రాసి, చిన్న గొట్టంలో చుట్టి కాలికి కట్టేవారు. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన సందేశం ఈ టపాలోనే చేరింది. వరదలూ తుపానులూ తీగలను తెంపినప్పుడు పావురాలు పనికొచ్చాయి. వైర్‌లెస్, ఇంటర్నెట్ విస్తరించాక 2008లో సేవను ఆపి, కొన్ని పక్షులను వారసత్వంగా, ఉత్సవాల కోసం ఉంచారు.

దేశంలో ఇలాంటి విభాగం నడిపినది ఒడిశా పోలీసులే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయినప్పుడు, తెగిన తీగల వల్ల బయటి ప్రపంచానికి విషయం ఆలస్యంగా తెలిసింది. అలాంటి చోట పావురాలుంటే మేలయ్యేదని వాదించవచ్చు. తుపాను గాలిలో పావురం ఎగరదన్నది ఎదురు వాదన. గాలి తగ్గిన మర్నాటికే దాని ఉపయోగం.

ఒడిశా అనుభవంలో మన చర్చకు పనికొచ్చే విషయం మరొకటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం డేగలకూ గద్దలకూ రక్షణ కల్పించాక కూడా ఆ సేవ 36 ఏళ్ళు నడిచింది.

మూడు వాదాలు

పెంపకందారులది మొదటి వాదం. జాతి పావురం ఏళ్ళ శ్రమ. మేలైన జంటను ఎంచి, పిల్లకు రింగు తొడిగి, దగ్గర నుంచి దూరానికి మెల్లగా అలవాటు చేస్తారు. డేగ పోటు ఒక పక్షితో ఆగదు. దాడికి చెదిరిన గుంపు దిక్కులు పట్టి పోతుంది, బతికినవి గూడు వదలడానికి జంకుతాయి. ఈ నష్టం తిన్న పావురాల లెక్కలో రాదు. పైగా గాలిలో పల్టీలు కొట్టే జాతులకు ముప్పు ఎక్కువ. అమెరికాలో ఈ కోపం ఎంత దూరం వెళ్ళిందో 2007లో బయటపడింది. రోలర్ పావురాల పెంపకందారులు కొందరు డేగలను వలపన్ని చంపుతున్నారని సమాఖ్య అధికారులు రహస్య దర్యాప్తుతో తేల్చి, కాలిఫోర్నియా, ఒరెగాన్ సహా పలు రాష్ట్రాల్లో కేసులు పెట్టారు.

పక్షి సంరక్షకులది రెండో వాదం. 2000లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం పెంపుడు పావురాల్లో ఏటా సగానికి పైగా పోతున్నాయి. కారణాల్లో దారి తప్పడం, అలసట మొదటివి. తరువాత గోడలకూ చెట్లకూ కొట్టుకోవడం, ఆపైన కరెంటు తీగలు. వేటపక్షుల వాటా సుమారు ఏడో వంతు. 1997 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి అరవై వేల పావురాలను పందేనికి వదిలితే, వేలకు వేలు గూళ్ళకు చేరలేదు. అన్నింటిని తినగల డేగలు ఐరోపాలోనే లేవు. ఆ సమయంలో దారిని దాటిన కాంకార్డ్ విమానపు ధ్వని తరంగం పావురాల దిక్కు తెలివిని చెదరగొట్టిందని జాన్ హాగ్‌స్ట్రమ్ అనే అమెరికన్ భూభౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ, డేగ లేకుండానే పావురాలు మాయమవుతాయని ఆ రోజు రుజువైంది.

మూడోది సర్దుబాటు వాదం. డేగను చంపవద్దు, పావురాల పెంపకాన్నే మార్చుకోవాలి అంటుంది. పక్షులను వదిలే వేళ, దారి, గూటి అమరిక మార్చుకోవడం ఇందులోకి వస్తాయి. 2009లో స్కాట్లాండ్‌లో గూళ్ళ దగ్గర తచ్చాడే స్పారోహాక్ డేగలను పట్టి దూరంగా వదిలే ప్రయోగం చేశారు. దొరికిన పక్షులు మరీ తక్కువ కావడంతో గట్టి ఫలితం ఏదీ రాలేదు. ఆశ కలిగించే సమాచారం వేరే వైపు నుంచి వచ్చింది. 2005లో అల్బెర్టో పల్లెరోని బృందం కాలిఫోర్నియాలో పెరిగ్రిన్ దాడులను ఏళ్ళ తరబడి గమనించి, నడుము మీద తెల్లమచ్చ ఉన్న పావురాలు అరుదుగా పట్టుబడుతున్నాయని చూపింది. ఆ తెల్ల ఈకలను మామూలు ఈకలతో మార్చితే ఆ రక్షణ పోయింది. డేగ దూకే క్షణంలో పావురం పక్కకు దొర్లుతుంటే, మెరిసే తెలుపు దాని చూపును మోసం చేస్తుందని వారి వివరణ. రంగు కోసం, రూపు కోసం పక్షుల్ని ఎంచుకునే పెంపకందారులకు ఇది పనికొచ్చే మాట.

పక్కపక్కన పెట్టి చూస్తే

- ఏది నష్టం: మొదటి వాదానికి తిరిగి రాని ప్రతి పక్షీ నష్టమే. రెండోది డేగ తిన్నట్టు రుజువైనవాటినే లెక్కిస్తుంది. మూడోది నివారించగల నష్టాన్ని మాత్రమే చూస్తుంది.
- ఏది సాక్ష్యం: పెంపకందారుది కళ్ళతో చూసిన దాడి. సంరక్షకులది డేగ గూళ్ళ కింద దొరికిన కాలి రింగులు. మూడో వర్గానిది ప్రయోగం.
- ఏది లోపం: కళ్ళకు కనబడేది దాడే, కనబడని తీగలూ అలసటా లెక్కలోకి రావు. రింగుల లెక్కలో అప్పటికే దారి తప్పిన పక్షులూ, పందెంలో బలంగా వస్తున్న పక్షులూ ఒకే కుప్పలో పడతాయి. ప్రయోగాలు చిన్నవి, అవీ ఎక్కువగా చలిదేశాలవి.
- ఏది కోరిక: అదుపు చేసే అనుమతి ఒకరిది, పూర్తి రక్షణ ఇంకొకరిది, పెంపకంలో మార్పు మరొకరిది.

కృష్ణా డెల్టాలో ఎవరు ఎవరిని తింటారు

బ్రిటన్ వాదాలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. ఇక్కడి పక్షులు వేరు. ప్రకాశం బ్యారేజీ మీదా, భవానీపురం ఘాట్ల మీదా గుంపులుగా తిరిగే నల్లగద్ద కుళ్ళినవీ పారేసినవీ తినే పక్షి. జబ్బు పావురాన్నో, గూట్లో పిల్లనో తన్నుకుపోగలదు గానీ, ఆరోగ్యంగా ఎగిరే హోమర్‌ను వెంటాడి పట్టలేదు. షిక్రా డేగ బరువులో పావురానికి సగం ఉంటుంది. దానికి కూనలూ గువ్వలూ తేలిక. ఎగిరే పావురానికి అసలు ముప్పు బైరి డేగ, బోనెల్లీ గద్ద లాంటివే. ఎక్కువగా కంటపడే గద్దకు నింద ఎక్కువ, ఎప్పుడో ఒకసారి మెరుపులా వచ్చే డేగకు తక్కువ. గూటి దగ్గర పిల్లులూ, ముంగిసలూ, జెర్రిపోతులూ చేసే పని వేరే.

కాలం కూడా చూడాలి. ఉత్తరాసియా నుంచి బైరి డేగలు చలికాలంలో కొల్లేరుకూ తీరప్రాంతానికీ వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. చెన్నై క్లబ్బుల పందేలు సాగేదీ సంక్రాంతి తర్వాతి నెలల్లోనే. అక్కడి పెంపకందారులు రైలు దారి వెంట ఉత్తరానికి పక్షులను తెచ్చి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ లాంటి చోట్ల వదులుతారు. విజయవాడ నుంచి చెన్నైకి రైలు దూరం 431 కిలోమీటర్లు. డేగల మకాం, పావురాల పందెం ఒకే నెలల్లో, ఒకే తీరం మీద పడుతున్నాయి. ఈ ఒక్క విషయంలో పెంపకందారుల అనుమానానికి బలముంది.

అదే దారిలో తీగలూ ఉన్నాయి. భవానీపురానికి ఎగువన ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి హైటెన్షన్ లైన్లు నాలుగు దిక్కులా పోతాయి. టవర్లు డేగలకు కూర్చునే చోట్లు, తీగలు పావురాలకు ఉరులు. టవరు కింద దొరికిన పావురం డేగ వల్ల చచ్చిందో, తీగ తగిలి చచ్చాక డేగ తిన్నదో చూడగానే తేల్చడం కష్టం. పతంగుల మాంజా మరో ముప్పు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించినా వాడకం ఆగలేదు.

దారి తప్పిన పావురానికి మన దేశంలో ఇంకో ప్రమాదమూ ఉంది. యుద్ధం నేర్పిన అనుమానం ఇంకా పోలేదు. 2015లో పఠాన్‌కోట్ దగ్గర ఒక పావురాన్ని గూఢచారి అనుకుని ఎక్స్‌రే తీశారు. 2023 మార్చిలో పారాదీప్ తీరంలో కాలికి పరికరం ఉన్న పక్షిని జాలర్లు పట్టుకున్నారు. అదే ఏడాది ముంబైలో చిక్కిన ఒక పావురం ఎనిమిది నెలలు నిర్బంధంలో ఉంది. చివరికి అది తైవాన్ పందెం పక్షని తేలి, 2024 జనవరి చివర్లో విడుదలైంది. యజమాని మాత్రం ఇన్నాళ్ళూ ఏ డేగనో తిట్టుకుని ఉంటాడు.

చట్టం మాటకొస్తే సందిగ్ధం లేదు. బైరి డేగ మొదటి షెడ్యూలు పక్షి. 2022 సవరణ తర్వాత దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం పాతిక వేల జరిమానా. బ్రిటన్‌లో లాగా అనుమతి అడిగే దారి ఇక్కడ ఆచరణలో మూసినట్టే. అందువల్ల ఇక్కడ నిజంగా తేల్చుకోవాల్సింది మూడో వాదపు పరిధిలోనే ఉంది.

ఇంకా తేలనివి

మొదటిది యుద్ధ ప్రయోజనం. పతకాలు పొందిన పక్షుల కథలు నిజమే కావచ్చు, కానీ సైన్యం పంపిన సందేశాల్లో అవి ఎంత భాగమన్నది ఏ పతకమూ చెప్పదు. అమెరికా సైన్యం 1957లో, స్విస్ సైన్యం 1990ల మధ్యలో పావురాల విభాగాలను మూసేశాయి. 2011లో చైనా సైన్యం పది వేల పావురాలకు శిక్షణ ఇస్తోందన్న వార్త వచ్చింది. సిగ్నళ్ళను జామ్ చేసే రోజుల్లో పావురం మళ్ళీ పనికొస్తుందా అన్న వాదన అందువల్లే చల్లారలేదు.

రెండోది దిక్కు తెలివి. సూర్యుడు, అయస్కాంత క్షేత్రం, వాసన, భూమి గుర్తులు, వినబడని శబ్దాలు: ఒక్కోదానికి ఒక్కో బృందం సాక్ష్యం చూపింది. ముక్కులో ఇనుము నిండిన కణాలే అయస్కాంత ఇంద్రియమన్న వాదనను 2012లో డేవిడ్ కీస్ బృందం పూర్వపక్షం చేసింది. అవి రోగనిరోధక కణాలని తేల్చింది. పావురం ఎందుకు దారి తప్పుతుందో పూర్తిగా తెలిసేదాకా, రాని పక్షుల్లో డేగ వాటాను కచ్చితంగా విడదీయడం కుదరదు.

మూడోది ఉష్ణదేశాల లెక్క. ఎండ, దాహం, తీగలు, మాంజా, వలస డేగలు కలిసే డెల్టాలో బ్రిటన్ ఏడో వంతు వర్తిస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు. ఆ లెక్కకు కావాల్సిన సరంజామా పెద్దదేమీ కాదు. ప్రతి పందెం పావురానికీ కాలి రింగు మీద నంబరుంది, వదిలిన తేదీ క్లబ్బు దగ్గరుంది. ఇబ్రహీంపట్నం టవర్ల కిందా, కొండపల్లి, ఇంద్రకీలాద్రి చరియల కిందా దొరికే రింగులను అటవీశాఖ నమోదు చేసి, ఆ జాబితాను క్లబ్బుల జాబితాతో సరిపోల్చితే చాలు. వదిలిన రోజునే పోయిన పక్షి ఏది, వారాల తరబడి దారి తప్పి తిరిగి డేగకు చిక్కినది ఏది అన్నది తేదీల తేడాలోనే బయటపడుతుంది.